మొదటి హిట్ క్లాసుకు ముందు నాలుగు వారాలు

హిట్ (HIIT) క్లాసుల గురించి, అంటే కొద్దిసేపు గట్టి శ్రమ, కొద్దిసేపు విరామం మార్చి మార్చి చేయించే వ్యాయామ క్లాసుల గురించి, వాకబు చేసేవాళ్ళకు ఎక్కడికెళ్ళినా ఒకే మాట వినిపిస్తుంది. "ముందు వచ్చి చేరండి, మిగతాదంతా క్లాసులో అదే వస్తుంది." చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెబుతారు. గడప దాటించకపోతే సగం మంది ఎప్పటికీ రారని వాళ్ళకు అనుభవం మీద తెలుసు. కానీ ఆ మాట సగమే నిజం. బెరుకు క్లాసులో పోతుంది, తోడు క్లాసులో దొరుకుతుంది. మడమకు, మోకాలికి, భుజానికి కావలసిన ఓర్పు మాత్రం నలభై ఐదు నిమిషాల్లో రాదు. ఎప్పుడు తగ్గాలో తెలిసే నేర్పు అయితే అక్కడ అసలే రాదు. పాట, గోడ మీద టైమర్, ట్రైనర్ కేకలు, పక్కవాళ్ళ వేగం, అన్నీ మనల్ని తగ్గనివ్వకుండా ఉంచడానికే అక్కడ అమరి ఉంటాయి. పదో క్లాసులో అదంతా మేలే చేస్తుంది. మొదటి క్లాసులో అదే ముప్పు.

కొత్తవాళ్ళు ఈ క్లాసులకు నాలుగు వారాల ముందు నుంచి సిద్ధం కావాలన్నది నా గట్టి అభిప్రాయం. ఆ నాలుగు వారాల్లో సంపాదించాల్సింది దమ్ము ఒక్కటే అనుకుంటే పొరపాటు. తన ఆయాసాన్ని తాను కొలుచుకోవడం, ఒళ్ళు అదుపు తప్పుతున్న క్షణాన్ని గుర్తుపట్టడం, పదిమంది మధ్య సిగ్గుపడకుండా వేగం తగ్గించడం, ఈ మూడూ లోపలికి అడుగుపెట్టేసరికే అలవాటై ఉండాలి.

## తబాతా ప్రయోగంలో ఎవరున్నారు?

ఇరవై సెకన్లు పని, పది సెకన్లు విరామం, ఎనిమిది రౌండ్లు, మొత్తం నాలుగు నిమిషాలు. 'తబాతా' పేరుతో చాలా క్లాసుల్లో ఇది చేయిస్తారు. దీని మూలం జపాన్ పరిశోధకుడు ఇజుమి తబాతా బృందం 1996లో ప్రచురించిన ప్రయోగం. అందులో పాల్గొన్నవాళ్ళు అప్పటికే వ్యాయామం అలవాటున్న కుర్రాళ్ళు. వాళ్ళ చేత గెంతులూ బర్పీలూ వేయించలేదు, ల్యాబులో బిగించిన సైకిలు తొక్కించారు. శరీరం ఆక్సిజన్‌ను గరిష్ఠంగా వాడుకునే స్థాయిలో చేసే పనిని 100 అనుకుంటే, ఆ ఇరవై సెకన్లూ 170 చొప్పున తొక్కారు. ఆరు వారాల్లో ఫలితాలు గొప్పగా వచ్చాయి, అందులో సందేహం లేదు.

అయితే ఆ ప్రయోగంలో ఒక చిన్న నియమం ఉంది. పెడల్ వేగం నిమిషానికి 85 చుట్ల కన్నా తగ్గితే అక్కడితో ఆపేసేవారు. పని పలచబడగానే పని ముగిసేది. ఇప్పటి క్లాసుల్లో జరిగేది దీనికి తలకిందులు. ఆరో రౌండులో వేగం పడిపోగానే "ఆగొద్దు, ఇంకో రెండే" అన్న కేక వినిపిస్తుంది. సెకన్ల లెక్క మిగిలింది, దానికి కాపలా ఉన్న నియమం పోయింది. పైగా సైకిలు మీద ఎంత అలిసినా చీలమండ మడతపడదు, మోకాలు పక్కకు ఒరగదు. అలిసిన మనిషి నేల మీద గెంతడం వేరే సంగతి.

బర్పీ కథా ఇలాంటిదే. న్యూయార్కులో రాయల్ బర్పీ 1930లలో దాన్ని దేహదారుఢ్యం చూసే పరీక్షగా తయారుచేశాడు. నాలుగే కదలికలు: వంగి చేతులు నేలకు ఆనించడం, కాళ్ళు వెనక్కి తన్నడం, మళ్ళీ ముందుకు లాక్కోవడం, లేచి నిలబడటం. పుషప్ లేదు, పైకి గెంతడం లేదు. కొద్దిసార్లు చేయించి నాడి చూసేవాడు. అలిసిపోయాక పుషప్, గెంతు రెండూ కలిపి యాభై చేయమనే ఇప్పటి బర్పీకి, దానికి ఉమ్మడిగా మిగిలింది పేరు.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. నార్వేలోని గుండె పునరావాస కేంద్రాల్లో 4,846 మంది రోగులు చేసిన వ్యాయామాన్ని లెక్కగట్టి 2012లో ప్రచురించారు. మొత్తం 1,75,820 గంటల్లో గుండె ఆగిన సంఘటనలు మూడు. మోస్తరు వ్యాయామం చేసిన 1,29,456 గంటల్లో ఒకటి, తీవ్రమైన ఇంటర్వెల్ వ్యాయామం చేసిన 46,364 గంటల్లో రెండు. గుండె జబ్బు ఉన్నవాళ్ళే ఇంత చేయగలిగితే, ఆరోగ్యంగా ఉన్న మనిషికి నాలుగు వారాల జాగ్రత్త దేనికని అడగవచ్చు. తీవ్రత దానంతటది దోషి కాదని ఆ లెక్క చూస్తే ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ వ్యాయామం పర్యవేక్షణలో, ఎవరి నాడి స్థాయిని బట్టి వాళ్ళకు, జరిగింది. పైగా కొత్తవాళ్ళను క్లాసు మాన్పించేది గుండె కాదు. మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, పిక్క పట్టేయడం, మడమ వెనక స్నాయువు వాపు, నడుం పట్టు. ఇవన్నీ సిద్ధం కాని ఒళ్ళు చేసే ఫిర్యాదులు.

## నడక, కుర్చీ, గోడ

మొదటి పని నడక. వారానికి ఐదు రోజులు, రోజుకు ముప్పై నిమిషాలు, మాట్లాడటం కుదిరే ఆయాసంతో. మొదటి వారం ఇంతే. రెండో వారంలో ఆ ముప్పై నిమిషాల మధ్య ఆరుసార్లు ఒక్కో నిమిషం వేగంగా నడవాలి, ప్రతిసారీ తర్వాత రెండు నిమిషాలు నెమ్మదించాలి. మూడో వారంలో ఆ వేగపు నిమిషాలను మెట్ల మీదికో ఏటవాలు దారికో మార్చాలి. దిగేటప్పుడు మాత్రం తొందర వద్దు. నాలుగో వారంలో ముప్పై సెకన్లు వేగం, ముప్పై సెకన్లు నెమ్మది, పదిసార్లు. ఈ వేగపు పని వారానికి రెండు మూడు రోజులు చాలు, మిగతా రోజులు మామూలు నడకే.

రెండో పని కదలికలు. రోజు విడిచి రోజు, వారానికి మూడుసార్లు, పదిహేను నిమిషాలు. క్లాసులో ఎన్ని పేర్లు పెట్టినా ఒంటిని అడిగేవి ఐదారే.

స్క్వాట్, అంటే మన పాత బస్కీ. కుర్చీ ముందు నిలబడి మూడు అంకెలు లెక్కపెడుతూ దిగి, పిర్రలు కుర్చీని తాకగానే లేవాలి. ఎనిమిదిసార్లు, రెండు విడతలు. మోకాలు లోపలికి ఒరగకుండా కాలి రెండో వేలి వైపే చూడాలి. మడమ లేస్తోందంటే చీలమండ బిగుసుకుని ఉందని అర్థం. అలాంటప్పుడు ఇంకాస్త ఎత్తయిన కుర్చీ తీసుకోవాలి.

తుంటి దగ్గర వంగడం చాలామందికి వస్తుందనుకుంటారు, రాదు. నడుం దగ్గర వంగుతారు. గోడకు వీపు చేసి ఒక అడుగు ముందుకు జరిగి నిలబడండి. మోకాళ్ళు కొద్దిగా వదులు చేసి, వెన్ను గూనిపోకుండా, పిర్రలను వెనక్కి తోసి గోడను తాకించండి. తొడల వెనక లాగినట్టు అనిపిస్తే సరిగ్గా చేసినట్టే. నడుంలో అనిపిస్తే మళ్ళీ మొదలుపెట్టాలి. ఇది రాకుండా కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న ఇనుప గుండు) ఊపడానికి దిగితే ఆ ఊపంతా వెన్ను మీద పడుతుంది.

పుషప్ గోడతో మొదలుపెట్టి, రెండో వారంలో కదలని బల్ల అంచుకు, నాలుగో వారానికి మోకాలి ఎత్తు బెంచీకి దించుకుంటూ పోవాలి. మోకాళ్ళ మీద పుషప్ చేయమని క్లాసుల్లో చెబుతుంటారు. నా దృష్టిలో కొత్తవాళ్ళకు బల్లే మేలు. తల నుంచి మడమ దాకా ఒళ్ళు బిగించి ఉంచే అలవాటు దానితో వస్తుంది, ఎత్తు మార్చి బరువును కొద్దికొద్దిగా పెంచుకోవచ్చు. లంజ్‌లో, అంటే ఒక పెద్ద అడుగు వేసి రెండు మోకాళ్ళూ వంచి దిగి లేచే కదలికలో, కాలు ముందుకు కాకుండా వెనక్కి వేస్తే మోకాలికి సుఖం. ప్లాంక్, అంటే బోర్లా ఉండి ఒళ్ళు పలకలా నిటారుగా నిలిపి ఉంచడం, మోచేతుల మీద పదిహేను సెకన్లతో మొదలుపెట్టవచ్చు. నడుం కిందికి జారిన క్షణమే దాని ముగింపు. మడమలు ఎత్తి దించడం పదిహేను చొప్పున రెండు విడతలు. ఇది పిల్లల ఆటలా అనిపించి మానేస్తారు, తర్వాత స్కిప్పింగ్ తాడు పట్టిన రోజున పిక్కలు గుర్తుచేస్తాయి.

గెంతులు నాలుగో వారం దాకా వద్దు. అప్పుడైనా రెండు కాళ్ళ మీద, నేల నుంచి నాలుగు వేళ్ళ ఎత్తు, పదిసార్లు, రెండు విడతలు. గెంతి దిగినప్పుడు నేల నుంచి వచ్చే తాకిడి శరీర బరువుకు రెండు మూడు రెట్లు దాటడం మామూలే. కండరాలు కొన్ని వారాల్లో బలపడతాయి. వాటిని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు నెలలు తీసుకుంటాయి. దమ్ము పెరిగిందన్న ధీమాతో గెంతుల జోరు పెంచేవాళ్ళకు మూడో నెలలో మడమ నొప్పి రావడానికి ఈ తేడాయే కారణం.

నెమ్మదిగా దిగమని ఇంతలా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. కండరం సాగుతూ బరువు మోసినప్పుడే, అంటే దిగేటప్పుడే, దాని పోగులకు ఎక్కువ దెబ్బ తగులుతుంది. మర్నాటి సలుపు అక్కడి నుంచే పుడుతుంది. అయితే కండరానికి జ్ఞాపకం ఉంది. ఒకసారి తేలికగా ఆ పని చేయిస్తే, కొన్ని వారాల పాటు అదే పనికి నొప్పి బాగా తక్కువగా ఉంటుంది. కుర్చీ ముందు చేసిన ఆ పదహారు బస్కీలు మొదటి క్లాసులో చేయబోయే వందకు టీకా లాంటివి. ముందస్తు తయారీకి దీనికి మించిన వాదన నాకు కనబడదు.

ఎప్పుడు సిద్ధమైనట్టు? నేను పెట్టుకున్న కొలత ఇది: చేతులు ఆనించకుండా కుర్చీ నుంచి పదిహేనుసార్లు లేవడం, బల్ల ఎత్తులో పది పుషప్‌లు, జారకుండా ముప్పై సెకన్ల ప్లాంక్, ఒక్కో కాలికి ఎనిమిది వెనక లంజ్‌లు, ముప్పై నిమిషాల చురుకైన నడక తర్వాత రెండు నిమిషాల్లో ఊపిరి కుదుటపడటం. ఇవి దాటినవాళ్ళు నాలుగు వారాలు ఆగనక్కర్లేదు. క్రమం తప్పకుండా ఆటలాడేవాళ్ళకు ఒక్క వారం కదలికల సాధన చాలు.

"రేపు, రేపు అంటూ వాయిదా వేసుకోవడానికి ఇదో సాకు" అనేవాళ్ళ మాటను తోసిపుచ్చను. నిజంగానే చాలామంది సిద్ధమవుతూనే ఉండిపోతారు. దానికి విరుగుడు, క్లాసు తేదీని మొదటిరోజే బుక్ చేసుకోవడం. ఇరవై తొమ్మిదో రోజుకు. కొలతలో ఒకటి తగ్గినా ఆ రోజు వెళ్ళాల్సిందే, ఆ ఒక్క కదలికను అక్కడ తేలిక రూపంలో చేస్తే సరిపోతుంది.

## ఆయాసానికి అంకె వేయడం

సున్నా నుంచి పది దాకా ఒక కొలబద్ద అనుకోండి. స్వీడన్ శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ రూపొందించిన పద్ధతి ఇదే బాటలోది. కూర్చుని ఉంటే సున్నా. నాలుగు దగ్గర ధారాళంగా మాట్లాడవచ్చు. ఆరు దగ్గర ఒక వాక్యం పూర్తవుతుంది, తర్వాత ఊపిరి పీల్చుకోవాలి. ఏడెనిమిది దగ్గర మూడు నాలుగు మాటలే వస్తాయి. తొమ్మిది దగ్గర "ఊఁ" అనడమే కష్టం. నడకలో వేగం పెంచినప్పుడల్లా ఒక వాక్యం పైకి అని చూసుకుంటే పది పదిహేను రోజుల్లో ఈ అంకెలు ఒంటికి పట్టుబడతాయి.

మొదటి క్లాసుకు నియమం ఒక్కటే. పని సెకన్లలో ఏడు దాటకూడదు, తర్వాతి రౌండు మొదలయ్యేలోపు నాలుగుకు దిగాలి. దిగకపోతే ఆ రౌండులో మొదటి సగం వదిలేసి, ఉన్నచోటే అడుగులేస్తూ ఉండాలి. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఏడుకే ఆగితే అది హిట్ ఎలా అవుతుంది? నిజమే, కాదు. ఆ రోజుకు కానక్కర్లేదు. కదలికలు, స్టేషన్ల (ఒక్కో వ్యాయామానికి కేటాయించిన చోట్ల) వరుస, టైమర్ మోతలు, ట్రైనర్ వాడే మాటలు, ఇన్ని కొత్త సంగతుల మధ్య ఒంటిని చివరిదాకా నెట్టితే ఏదీ తలకెక్కదు. ఎనిమిది, తొమ్మిది మూడో వారానికి వాటంతటవే వస్తాయి.

కొన్నిచోట్ల ఛాతీకో చేతికో పట్టీ కట్టి, ఎవరి గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో తెర మీద రంగుల్లో చూపిస్తారు. ఆ రంగులు సాధారణంగా ఒక సూత్రం మీద నడుస్తాయి: 220 నుంచి వయసు తీసేస్తే గరిష్ఠ వేగం. 2001లో తనాకా అనే పరిశోధకుడి బృందం ఇచ్చిన సూత్రం వేరు: వయసును 0.7తో గుణించి 208 నుంచి తీసేయాలి. నలభై ఏళ్ళకు రెండూ 180 అనే చెబుతాయి. అరవై ఏళ్ళకు మొదటిది 160, రెండోది 166. ఏదైనా సగటు లెక్కే, మనిషికీ మనిషికీ పది పన్నెండు కొట్లు అటూ ఇటూ తేడా ఉండటం మామూలు. బీపీకి బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించే మందులు) వాడేవాళ్ళ గుండె ఆ అంకెను అందుకోదు, అందుకోవాలని చూడటం ప్రమాదం. మణికట్టు వాచీలు బరువు గట్టిగా పట్టుకున్నప్పుడు, వేగం ఒక్కసారిగా మారినప్పుడు వెనకబడతాయి. తెర ఎరుపెక్కలేదని జోరు పెంచడం, ఎరుపెక్కిందని కంగారుపడటం, రెండూ వద్దు. మూడు మాటలు పైకి అనగలుగుతున్నామా లేదా, అదే చూసుకోవాలి.

## ముందుగా డాక్టరుతో మాట్లాడాల్సినవాళ్ళు

వ్యాయామం మొదలుపెట్టేముందు నింపడానికి కెనడాలో పుట్టిన పార్‌క్యూ ప్లస్ (PAR-Q+) అనే ప్రశ్నావళిలో మొదటి పేజీ ఏడు ప్రశ్నలే. గుండె జబ్బు లేదా అధిక రక్తపోటు ఉందా, ఛాతీలో నొప్పి వస్తుందా, తల తిరిగి తూలడమో స్పృహ తప్పడమో జరిగిందా, దీర్ఘకాలపు జబ్బు ఇంకేదైనా ఉందా, దానికి మందులు వాడుతున్నారా, ఎముకలూ కీళ్ళ సమస్య ఉందా, వైద్య పర్యవేక్షణలోనే వ్యాయామం చేయమని ఎవరైనా చెప్పారా. ఒక్కదానికి అవునన్నా క్లాసు కన్నా ముందు డాక్టరు. చాలామంది సైన్ అప్ పత్రంలో చదవకుండా అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టేస్తారు. ఆ కాగితం కేంద్రాన్ని కాపాడటానికి అనుకుంటారు. సరిగ్గా నింపితే అది మనల్ని కాపాడుతుంది.

ఇన్సులిన్ గానీ, షుగర్‌ను బాగా దించే కొన్ని మాత్రలు గానీ వాడేవాళ్ళకు వ్యాయామం తర్వాత కొన్ని గంటలకు కూడా షుగర్ పడిపోవచ్చు. తీవ్రమైన విడతల్లో కాసేపు పెరగనూ వచ్చు. ముందూ తర్వాతా చూసుకోవడం, చక్కెర బిళ్ళలు దగ్గర పెట్టుకోవడం తప్పనిసరి. ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టరు రాసిచ్చిన ఇన్‌హేలర్‌ను బ్యాగులో కాకుండా మ్యాట్ పక్కన ఉంచుకోవాలి. దగ్గు, పిల్లికూతలు తరచు వ్యాయామం ఆపాక ఐదు పది నిమిషాలకు మొదలవుతాయి, అప్పటికి మనిషి ఒంటరిగా బట్టలు మార్చుకునే గదిలో ఉంటాడు.

ప్రసవం తర్వాత గెంతులకు కనీసం పన్నెండు వారాలు ఆగాలి. ఆ తర్వాతైనా గెంతినప్పుడు మూత్రం చుక్కలు పడుతుంటే చాలామంది ఆడవాళ్ళు ఎవరికీ చెప్పుకోలేక మౌనంగా క్లాసు మానేస్తారు. అది కటి కండరాలు బలహీనపడటం వల్ల వచ్చేది, ఫిజియోథెరపీతో చాలామందికి నయమవుతుంది. అప్పటిదాకా గెంతుల బదులు అడుగులు వేయవచ్చు. ట్రైనర్‌తో "నాకు గెంతులు వద్దు" అంటే చాలు, కారణం చెప్పనక్కర్లేదు.

జ్వరం తగులుతున్న రోజున, జ్వరం తగ్గినా ఒళ్ళు నొప్పులు పోని రోజున వెళ్ళకూడదు. కొన్ని వైరస్ జ్వరాలు గుండె కండరాన్ని కూడా వాపెక్కిస్తాయి, ఆ సమయంలో తీవ్రమైన వ్యాయామం ప్రాణం మీదికి తెస్తుంది. డబ్బు కట్టేశాం కదా అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

## క్లాసు రోజు

భోజనం చేసి మూడు గంటలైనా గడవాలి. ఆకలిగా ఉంటే గంట ముందు ఒక పండు. మొదటిసారి ఖాళీ కడుపుతో వెళ్ళొద్దు. నీళ్ళు నాలుగు గంటల ముందు, శరీర బరువులో కిలోకు 5 నుంచి 7 మిల్లీలీటర్లు. 60 కిలోల మనిషికి 300 నుంచి 420 మిల్లీలీటర్లన్నమాట. క్లాసులో దాహమైనప్పుడు గుక్కెడు చాలు, లీటర్లు పట్టిస్తే కడుపులో కదులుతాయి. కెఫీన్ దట్టించిన 'ప్రీ వర్కౌట్' పొడులు ఆ రోజు అసలే వద్దు. గుండె దడకు కారణం వ్యాయామమో పొడో తెలియకపోతే ఇన్నాళ్ళు నేర్చుకున్న అంకెలన్నీ తారుమారవుతాయి. నీళ్ళ సీసా మూత తిప్పేది కాకుండా నొక్కితే తెరుచుకునేది తెచ్చుకోండి. పది సెకన్ల విరామం మూత తిప్పడానికే అయిపోతుంది.

పరుగు బూట్లు ముందుకు సాగడానికి తయారైనవి. మెత్తని మందపాటి మడమ మీద పక్కకు గెంతితే చీలమండ ఒరిగిపోతుంది. అడుగు బల్లపరుపుగా, కాస్త గట్టిగా, ముందు భాగం వెడల్పుగా ఉన్న బూట్లు కావాలి. కొత్తవైతే ఒక వారం నడకలో తొడిగి చూడండి.

స్పిన్ క్లాసయితే, అంటే బిగించిన సైకిళ్ళు తొక్కించే క్లాసయితే, సైకిలు అమర్చుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. పక్కన నిలబడితే సీటు తుంటి ఎముక ఎత్తుకు రావాలి. ఎక్కి కూర్చుని పెడల్ అట్టడుగున ఉంచితే మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. పూర్తిగా సాగితే పిరుదులు అటూ ఇటూ ఊగుతాయి, బాగా వంగితే మోకాలి ముందు భాగం నొప్పెడుతుంది. చాలా స్పిన్ సైకిళ్ళలో బరువైన చక్రం తిరుగుతున్నంత సేపు పెడళ్ళూ తిరుగుతూనే ఉంటాయి. కాళ్ళు ఆపేయాలని చూస్తే అవే లాక్కుపోతాయి. బిగువు మార్చే నాబ్‌ను కిందికి నొక్కితే బ్రేకు పడుతుంది. తొక్కడం మొదలుపెట్టేలోపే అది ఎక్కడుందో చూసుకోండి. రెసిస్టెన్స్ (పెడళ్ళ బిగువు) మరీ తక్కువ పెట్టి లేచి నిలబడకండి, కాళ్ళకు ఆధారం దొరక్క ఒళ్ళు గతుక్కుమంటుంది.

పదిహేను నిమిషాలు ముందుగా చేరి ట్రైనర్‌తో రెండు ముక్కలు చెప్పాలి. "ఇది నా మొదటి క్లాసు. గెంతులకు, బర్పీలకు బదులు ఏం చేయాలో చూపించండి." పాత గాయం ఉంటే మూడో ముక్క. ఆ మాటకు ట్రైనర్ ఎలా స్పందించారో గమనించండి. అక్కడికక్కడే రెండు తేలిక రూపాలు చేసి చూపిస్తే మంచి చోటుకు వచ్చినట్టు. "ఏం కాదు, అందరితో పాటు చేసేయండి" అంటే ఆ రోజు మీ జాగ్రత్త పూర్తిగా మీదే, రెండో క్లాసు ఇంకోచోట చూసుకోవాలి.

నిలబడే చోటు గురించి ఒక మాట. కొత్తవాళ్ళు వెనక మూల వెతుక్కుంటారు. అక్కడ ట్రైనర్ కాళ్ళు కనబడవు, ట్రైనర్‌కు వీళ్ళ మోకాళ్ళు కనబడవు. "వెనక్కి తిరగండి" అనగానే చివరి వరుసే మొదటి వరుసవుతుంది. రెండో వరుస చివర నయం. స్పీకరుకు దూరంగా చూసుకోండి. 100 డెసిబెల్స్ మోతలో చెవికి సురక్షితమైన సమయం రోజుకు పదిహేను నిమిషాలే అంటారు, కొన్ని క్లాసుల్లో పాట ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. చెవుల్లో నురగ బిరడాలు పెట్టుకుంటే ట్రైనర్ మాట ఏమీ పోదు.

## లోపల

బర్పీ అనగానే నేల మీదికి పోకుండా, బెంచీకో స్టెప్ బాక్సుకో చేతులు ఆనించి, ఒక్కో కాలూ వెనక్కి వేసి, ఒక్కోటే ముందుకు తెచ్చి, గెంతకుండా లేవాలి. బాక్సు మీదికి గెంతే స్టేషనులో ఎక్కి దిగాలి. అలిసిన కాలు అంచుకు తగిలి మోకాలి కింద ముందు వైపు చర్మం చీరుకుపోవడం ఆ స్టేషనులో తరచు జరిగేది, అది కూడా చివరి రౌండులోనే. చేతులు ఆనించి మోకాళ్ళను ఒకదాని తర్వాత ఒకటి ఛాతీ వైపు లాక్కునే మౌంటెన్ క్లైంబర్‌ను బెంచీ మీద చేతులుంచి నడక వేగంతో చేయవచ్చు. డంబెల్స్ విషయంలో, మొదటి రౌండులో హాస్యాస్పదంగా అనిపించేంత తేలికవి తీసుకోండి. నాలుగో రౌండులో అవి సరైన బరువవుతాయి.

ఒళ్ళు అదుపు తప్పుతోందని చెప్పే గుర్తుల్లో నాకు అన్నిటికన్నా నమ్మకమైనది చప్పుడు. గెంతి దిగినప్పుడు పాదాలు మెత్తగా ఆనితే కండరాలు బరువు కాచుకుంటున్నాయని లెక్క. ధబ్బుమని చప్పుడొస్తే ఆ బరువు కీళ్ళు మోస్తున్నాయి. పాట మోతలోనూ అది కాళ్ళకు తెలుస్తుంది. ప్లాంక్‌లో నడుం జారడం, స్క్వాట్‌లో మోకాళ్ళు ఒకదాని వైపు ఒకటి ఒరగడం మిగతా రెండు గుర్తులు. మూడింటిలో ఏది కనిపించినా ఆ రౌండుకు తేలిక రూపానికి దిగిపోవాలి. తబాతా ప్రయోగంలోని 85 చుట్ల నియమానికి మన ఒంటి మీద రూపం ఇదే.

బరువెత్తేటప్పుడు చాలామంది తెలియకుండానే ఊపిరి బిగబడతారు. రక్తపోటు ఒక్కసారిగా ఎగుస్తుంది, వదలగానే పడుతుంది, కళ్ళు బైర్లు కమ్ముతాయి. శ్రమ పడే వైపు వదలాలి, దిగే వైపు పీల్చాలి. లెక్క పైకి వినబడేలా చెబుతుంటే ఊపిరి దానంతటది ఆడుతుంది.

రౌండు అవగానే చతికిలబడటం, నిలువునా కదలకుండా ఉండిపోవడం, రెండూ తప్పే. కాళ్ళలోని రక్తాన్ని పైకి నెట్టేది పిక్కల కదలికే. అది ఆగితే రక్తం కాళ్ళలోనే నిలిచి తల తేలిపోతుంది. అడుగులేస్తూనే ఉండాలి. చివరి ఐదు నిమిషాల కూల్‌డౌన్‌ను (నెమ్మదిగా ఒళ్ళు చల్లబరిచే కదలికలను) ఎగ్గొట్టి వెళ్ళిపోయేవాళ్ళు మెట్ల దగ్గర తూలేది ఇందుకే. నిజంగా తల తిరిగితే మాత్రం పట్టుదలకు పోకుండా పడుకుని కాళ్ళు ఎత్తి పెట్టాలి, ట్రైనర్‌ను పిలవాలి. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, ఎంత ఆగినా తగ్గని ఆయాసం వస్తే క్లాసు ముగిసినట్టే, అత్యవసర వైద్యానికి ఫోన్ చేయించాలి.

## ఎల్లుండి వచ్చే నొప్పి

క్లాసు ముగిసిన రాత్రి బాగానే ఉంటుంది. అసలు సలుపు ఇరవై నాలుగు నుంచి డెబ్బై రెండు గంటల మధ్య వస్తుంది. దాన్ని శ్రమలో కండరాల్లో తయారయ్యే ల్యాక్టిక్ ఆసిడ్ మీదికి నెట్టే అలవాటు ఇంకా పోలేదు. అది గంటా గంటన్నరలో రక్తం నుంచి తుడుచుకుపోతుంది, మూడో రోజు నొప్పికి దానికి సంబంధం లేదు. నెమ్మది నడక, నిద్ర, మామూలు తిండి చాలు. నొప్పి మాత్రలు మింగి మళ్ళీ క్లాసుకు పరిగెత్తకూడదు.

సలుపుకు, ప్రమాదానికి తేడా తెలిసి ఉండాలి. కండరాలు వాచి బిగుసుకుపోవడం, చేయి మడవలేనంత, మెట్టు దిగలేనంత బలహీనత, నొప్పి రోజురోజుకూ పెరగడం, మూత్రం డికాక్షన్ రంగులోకి మారడం, ఇవి కండర కణాలు పగిలి వాటి సరుకు రక్తంలో కలిసిన లక్షణాలు. రాబ్డోమయోలైసిస్ అంటారు. మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అలవాటు లేని ఒంటితో మొదటి స్పిన్ క్లాసులోనో, వందల కొద్దీ స్క్వాట్లతోనో అతిగా శ్రమపడ్డవాళ్ళలో ఇది వచ్చినట్టు వైద్య పత్రికల్లో ఎన్నో కేసులున్నాయి. వాళ్ళలో చాలామంది ఆరోగ్యవంతులైన యువతీయువకులు. మూత్రం రంగు మారిందంటే ఇంట్లో నీళ్ళు తాగుతూ కూర్చోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

అవేవీ లేకపోతే రెండో క్లాసు కనీసం నలభై ఎనిమిది గంటల తర్వాత. మొదటి నెల వారానికి రెండు క్లాసులకు మించవద్దు. అపరిమిత ప్యాకేజీ కొన్నవాళ్ళకు ఇది చేదుగా ఉంటుంది కనుక ఆ నెలకు విడి క్లాసులు కొనడమే మంచిది. మధ్య రోజుల్లో నడక ఎప్పటిలాగే. పెంచే వరుస కూడా ముందే అనుకోండి. మొదట వదిలేస్తున్న సగం రౌండ్లు పూర్తి చేయడం, తర్వాత ఏడు నుంచి ఎనిమిదికి జోరు, ఆ తర్వాత బరువు. గెంతులు అన్నిటికన్నా చివర, అదీ దిగినప్పుడు చప్పుడు లేకుంటేనే.